పాత వ్యానులో పెట్రోలు ఒత్తిడి: రెగ్యులేటరు బిగింపు, సీలింగు

ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటరు అరచేతిలో ఇమిడే వస్తువు. లోపల ఒక డయాఫ్రమ్, ఒక స్ప్రింగు, ఒక చిన్న వాల్వు. బయట రెండో మూడో మూతులు, వాటికి గొట్టాలు. పాత వోక్స్‌వాగన్ వ్యాన్లను సొంతంగా బాగుచేసుకునే వాళ్లు దీని గురించి వాదించుకునేదంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంటుంది: లీకు ఆగాలంటే ఏం పూయాలి? తెల్ల టేపు చుట్టాలా, ఎర్ర పేస్టు రాయాలా, షెల్లాక్ వేయాలా? నా లెక్కలో ఇది మూడో ప్రశ్న. దీనికి ముందు రెండున్నాయి. ఆ బండికి రెగ్యులేటరు అసలు అక్కర ఉందా? ఉంటే ఏ రకానిది? ఈ రెండూ తేలకుండా మూడోదాని మీద పడితే, సీలు ఎంత బాగా కుదిరినా పని తప్పే అవుతుంది. తేలితే మాత్రం ఏం పూయాలన్నది చాలా జాయింట్ల దగ్గర ప్రశ్నగానే మిగలదు, ఎందుకంటే అక్కడ పూయాల్సింది ఏమీ ఉండదు.

ఇక్కడ ప్రధానంగా మాట్లాడుకునేది వోక్స్‌వాగన్ టైప్ 2 గురించి. 1950లో జర్మనీలో తయారీ మొదలై, 1967లో రెండు ముక్కల ముందు అద్దం పోయి ఒకటే వంపు అద్దం వచ్చి, 1979లో మూడో తరానికి చేరిన వ్యాను. యూరప్ నుంచి టర్కీ, ఇరాన్, అఫ్ఘానిస్తాన్ మీదుగా హిప్పీలు మన దేశానికి వచ్చిన రోజుల్లో ఆ దారిన నడిచిన బళ్లలో ఇదొకటి. దీని ఇంజను వెనక ఉంటుంది, గాలితో చల్లబడుతుంది. పెట్రోలు ట్యాంకు ఇంజను గదికి కాస్త ముందే, మధ్యలో ఒక రేకు గోడ అడ్డు. అదే గదిలో డైనమో, డిస్ట్రిబ్యూటరు. కింద సైలెన్సరు, దాని వేడి గొట్టాలు. చల్లార్చే ఫ్యాను ఆ గదిలోని గాలినే లాక్కుంటుంది. ఎక్కడ చుక్క కారినా దాని ఆవిరి నిప్పున్న చోటికే చేరుతుంది. పైగా 1600 సీసీ ఇంజను కేసు మెగ్నీషియం మిశ్రమం. అది ఒకసారి అంటుకుంటే నీళ్లు చల్లడం మంటను పెంచడమే. అందుకే మరో బండిలో మరకతో పోయే లీకు ఈ బండిలో బండినే మింగేస్తుంది.

కార్బురేటరు బళ్లతో మొదలుపెడదాం. ఫ్లోటు గదిలోకి వచ్చే పెట్రోలును ఆపేది ఒక సూది వాల్వు. పెట్రోలు నిండేకొద్దీ ఫ్లోటు పైకి తేలి సూదిని రంధ్రంలోకి నెడుతుంది. ఫ్లోటుకున్న బలం ఇంతేనని ఒక హద్దు ఉంటుంది. వెనకనుంచి తోసే ఒత్తిడి ఆ హద్దు దాటితే సూది మూసుకోదు. మిగిలిన పెట్రోలు కార్బురేటరు గొంతులోంచి సిలిండర్లలోకి దిగి, రింగుల పక్కనుంచి జారి ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిలు మట్టం పెరిగింది, వాసన చూస్తే పెట్రోలు అంటే దాదాపు ఇదే కథ.

ఫ్యాక్టరీ ఇచ్చిన మెకానికల్ పంపు సుమారు 3 నుంచి 5 పీఎస్ఐ దాకా ఇస్తుంది. దాన్ని సరిచేసుకునే పద్ధతి నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. పంపును నడిపేది కింద ఉన్న ఒక పుష్‌రాడ్డు. డైనమో ఉన్న ఇంజన్లకు ఈ రాడ్డు పొడవు 108 మిల్లీమీటర్లు, ఆల్టర్నేటరు ఉన్నవాటికి 100. గరిష్ఠంగా పైకి వచ్చినప్పుడు అది ఫ్లాంజి మీదికి 13 మిల్లీమీటర్ల దాకా పొడుచుకు రావాలి. ఎక్కువ వస్తే పంపు కింద మరో గ్యాస్కెట్ వేస్తారు; పంపు ఆ మేరకు ఎత్తవుతుంది, తోపు తగ్గుతుంది, ఒత్తిడీ తగ్గుతుంది. అంటే ఈ బండిలో తొలి ప్రెషర్ రెగ్యులేటరు ఒక కాగితం ముక్క. ఒత్తిడి ఎక్కువగా ఉందని వచ్చిన బండికి రెగ్యులేటరు కొనేముందు, 100 రాడ్డు ఉండాల్సిన చోట 108 రాడ్డు పడిందేమో చూడాలి. పాత ఇంజన్ల భాగాలు అటూ ఇటూ కలిసిపోయిన బళ్లలో ఇది అరుదేం కాదు.

మరి రెగ్యులేటరు నిజంగా ఎప్పుడు కావాలి? ఎలక్ట్రిక్ పంపు పెట్టినప్పుడు. 1972 నుంచి 1974 దాకా వచ్చిన కొన్ని వ్యాన్లలో పెద్ద ఇంజను, రెండు సోలెక్స్ కార్బురేటర్లు ఉండేవి. వాటి మెకానికల్ పంపు చెయ్యి దూరని మూల ఉంటుంది కాబట్టి అది పాడవగానే చాలామంది ఎలక్ట్రిక్ పంపుకు మారిపోయారు. బజారులో దొరికే ఎలక్ట్రిక్ పంపుల్లో 1.5 నుంచి 4 పీఎస్ఐ ఇచ్చేవీ ఉన్నాయి, రేసు బళ్ల కోసం 6, 7 ఇచ్చేవీ ఉన్నాయి. రెండో రకం కొని, దాన్ని అదుపు చేయడానికి రెగ్యులేటరు కొని, ఆ రెగ్యులేటరుకు లీకు వస్తే సీలెంటు కోసం వెతకడం కంటే మొదటే తక్కువ ఒత్తిడి పంపు కొనడం తెలివైన పని. ప్రతి రెగ్యులేటరూ కనీసం రెండు కొత్త జాయింట్లను వెంటబెట్టుకుని వస్తుంది. గేజి కూడా తగిలిస్తే మూడు. లేని జాయింటు కారదు.

అయినా తప్పనిసరి అనుకుంటే, కార్బురేటరు బళ్లకు వాడేవి దారికి అడ్డంగా కూర్చునే రకం. ఇటలీ మల్పాసి కంపెనీ ఫిల్టర్ కింగ్‌లో కింద ఫిల్టరు గిన్నె కూడా ఉంటుంది, పై మరను తిప్పి ఒత్తిడి మార్చుకోవచ్చు. అమెరికా హాలీ రెగ్యులేటర్లలో 1 నుంచి 4 పీఎస్ఐ దాకా ఒకటి, 4.5 నుంచి 9 దాకా మరొకటి వస్తాయి. రెండింటి పెట్టెలూ ఒకేలా ఉంటాయి కాబట్టి నంబరు చూసుకుని కొనాలి. వ్యానుకు కావాల్సింది మొదటిదే. మర మీదున్న అంకెలను నమ్మకుండా గేజి పెట్టి చూడాలి. ఆ గేజి 0 నుంచి 15 దాకా చూపేది కావాలి. 100 దాకా చూపేదానిలో 3కీ 5కీ తేడా ముల్లు మందంలోనే కలిసిపోతుంది.

ఈ రకానికి ఒక పాత జబ్బుంది. ఇంజను ఆగి, పంపు నడుస్తున్నప్పుడు లోపలి వాల్వు గట్టిగా మూసుకోవాలి. సీటు మీద ఇసుక రేణువంత మలినం ఉన్నా పెట్రోలు కొద్దికొద్దిగా దాటుతుంది, అవతలి ఒత్తిడి మెల్లగా పంపు ఒత్తిడికి చేరుతుంది. నడుస్తున్నప్పుడు గేజి 3 చూపించి, ఇగ్నిషన్ మాత్రమే వేసి వదిలితే రెండు నిమిషాల్లో 6కు ఎక్కితే మర తిప్పి లాభం లేదు. సీటు శుభ్రం చేయాలి, రెగ్యులేటరుకు ముందు మంచి ఫిల్టరు పెట్టాలి. ఫిల్టరును రెగ్యులేటరు తర్వాత పెట్టే అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో గాని, అది దొంగలు పడ్డాక తలుపు వేయడమే.

ఇంజెక్షన్ బళ్ల సంగతి పూర్తిగా వేరు. అమెరికా మార్కెట్‌కు వెళ్లిన టైప్ 2లో 1975 మోడలు నుంచి బాష్ ఎల్-జెట్రానిక్ ఇంజెక్షన్ వ్యవస్థ వచ్చింది. ఇక్కడ రెగ్యులేటరు దారికి అడ్డంగా కూర్చోదు, దారి చివర ఉంటుంది. పంపు ఆగకుండా తోస్తూనే ఉంటుంది. ఇంజెక్టర్లు తాగగా మిగిలింది రెగ్యులేటరు దాటి ట్యాంకుకు తిరిగి వెళ్తుంది. దాని తల మీదున్న సన్న గొట్టం మానిఫోల్డుకు కలుస్తుంది. ఆ గొట్టం పీకి చూస్తే ఒత్తిడి సుమారు 2.5 బార్, అంటే 36 పీఎస్ఐ. గొట్టం తగిలించి ఐడిల్‌లో చూస్తే 2 బార్ దగ్గరికి, 28, 29 పీఎస్ఐకి దిగాలి. ఇంజెక్టరు ముక్కు మానిఫోల్డులోకి తెరుచుకుంటుంది. అక్కడ గాలి పీడనం తగ్గితే పెట్రోలు ఒత్తిడి కూడా అంతే తగ్గాలి. అప్పుడే రెండింటి తేడా మారకుండా నిలుస్తుంది. కంట్రోల్ యూనిటు కొలిచి ఇచ్చేది ఇంజెక్టరు తెరుచుకునే సమయాన్నే. తేడా స్థిరంగా ఉందని అది గుడ్డిగా నమ్ముతుంది.

ఆ నమ్మకాన్ని చెడగొట్టే సులువైన మార్గం తప్పు రెగ్యులేటరు కొనడం. 2.5 బార్‌దీ 3 బార్‌దీ పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. ఇంజెక్టరు నుంచి వచ్చే పెట్రోలు ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి 3 బార్‌ది పెడితే పెట్రోలు 9, 10 శాతం ఎక్కువ పడుతుంది. లాంబ్డా సెన్సరు లేని ఆ తొలి వ్యవస్థ దాన్ని సరిదిద్దుకోలేదు. దీనికంటే ముందరి డీ-జెట్రానిక్‌లో రెగ్యులేటరును మర తిప్పి 2 బార్ దగ్గర నిలపాలి, దానికి మానిఫోల్డు గొట్టమే ఉండదు. మానిఫోల్డు పీడనాన్ని అక్కడ వేరే సెన్సరు చూసుకుంటుంది. రెండు వ్యవస్థల సలహాలూ కలగలిపి చదివినవాళ్లు లేని గొట్టం కోసం వెతుకుతారు, తిప్పకూడని డబ్బాకు మర ఎక్కడుందని అడుగుతారు.

ఎల్-జెట్రానిక్ రెగ్యులేటరు పాడైందో లేదో తేల్చడం తేలిక. ఇంజను నడుస్తుండగా ఆ సన్న గొట్టం పీకండి. లోపల తడి ఉంటే, పెట్రోలు వాసన వస్తే డయాఫ్రమ్ చిరిగింది. పెట్రోలు నేరుగా మానిఫోల్డులోకి పోతోంది; ఏ సీలెంటూ దానికి మందు కాదు. ఒత్తిడి తక్కువగా ఉంటే, తిరుగు గొట్టాన్ని గుడ్డ చుట్టిన ప్లయరుతో ఒక్క క్షణం నొక్కి చూడాలి. గేజి వెంటనే ఎగబాకితే పంపు బాగానే ఉంది, తప్పు రెగ్యులేటరుది. క్షణం అన్నది గుర్తుంచుకోవాలి. దారి పూర్తిగా మూస్తే ఆ పంపు 5 బార్ దాటించగలదు.

సీలింగు దగ్గరికి వద్దాం. ఎల్-జెట్రానిక్ డబ్బాకు పెట్రోలు వచ్చే, పోయే మూతులు థ్రెడ్డులు కావు. గొట్టం ఎక్కించే ఉబ్బెత్తు నిపిల్స్. ఇక్కడ పేస్టుకు పనే లేదు. రబ్బరు గొట్టం నిపిల్‌ను బిగిసి పట్టుకోవడమే సీలు, క్లిప్పు దానికి తోడు. గొట్టం లోపల పేస్టు రాస్తే సీలు మెరుగుపడదు. గొట్టం జారడానికి వీలవుతుంది, మిగిలిన ముద్ద పెట్రోలుతో పాటు ప్రయాణమవుతుంది. సైజు తేడాను క్లిప్పు బిగించి సర్దుకోవడమూ తప్పే. కావాల్సినదానికంటే వదులు గొట్టం నొక్కుకుపోయినప్పుడు ఒక పక్క మడత పడుతుంది, ఆ మడతే కాలవ అవుతుంది. గాట్లున్న మామూలు హోస్ క్లిప్పు రబ్బరును కోస్తుంది. అంచులు మడిచి, నట్టు బోల్టుతో గుండ్రంగా బిగిసే ఇంజెక్షన్ క్లిప్పు నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే కొనాలి.

కార్బురేటరు రెగ్యులేటర్లకు మాత్రం థ్రెడ్డులే. పేచీ అంతా అక్కడే. థ్రెడ్డులు రెండు జాతులు. టేపరు థ్రెడ్డు లోపలికి వెళ్లేకొద్దీ లావెక్కి, థ్రెడ్డే థ్రెడ్డును ఒరుసుకుని మూస్తుంది. మిగిలే సన్నటి సందును సీలెంటు నింపాలి. నేరు థ్రెడ్డు పట్టి ఉంచడానికే. మూసేది దాని భుజం కింద ఉన్న వాషరో, ఓ-రింగో. నేరు థ్రెడ్డుకు టేపు చుట్టేవాళ్లు కారని చోట మందు రాసి, కారే చోటును వదిలేస్తున్నారు.

జాతులు కలిస్తే ఇంకా చిక్కు. హాలీ రెగ్యులేటర్లకు ఉండేది అమెరికా టేపరు, ఎన్‌పీటీ. బ్రిటిష్, యూరప్ సరుకుల్లో తరచు బీఎస్‌పీ. పావు అంగుళం ఎన్‌పీటీకి అంగుళానికి 18 పళ్లు, పంటి కోణం 60 డిగ్రీలు. పావు అంగుళం బీఎస్‌పీకి 19 పళ్లు, 55 డిగ్రీలు. ఒకదాన్ని రెండోదాంట్లో తిప్పితే రెండు మూడు చుట్లు హాయిగా వెళ్తుంది, ఆపైన బిగుస్తుంది. టేపరు కాబట్టి బిగిసిందనుకుంటాం. నిజానికి పళ్లు ఒకదాన్నొకటి నలుపుతున్నాయి. ఎంత టేపు చుట్టినా, ఏ పేస్టు రాసినా కారే జాయింట్లలో చాలావాటి రహస్యం ఇదే. పది నిమిషాలు పెట్టి థ్రెడ్ గేజితో కొలవడం అన్ని సీలెంట్ల కంటే మేలు.

కొలత సరిపోయాక ఏది రాయాలి? తెల్ల టెఫ్లాన్ టేపును పెట్రోలు కరిగిస్తుందన్న మాట తప్పు. టెఫ్లాన్‌ను పెట్రోలు ఏమీ చేయదు. అసలు తంటా దాని తునకలతోనే. బిగించేటప్పుడు తెగిన పోగు ఒకటి కార్బురేటరు సూది కింద చేరితే, రెగ్యులేటరు దేన్ని ఆపడానికి పెట్టామో అదే జరుగుతుంది. చుట్టక తప్పకపోతే చివరి రెండు పళ్లు వదిలి, బిగించే దిశలో చుట్టాలి. నా ఓటు మాత్రం గాలి తగలని చోట గట్టిపడే అనరోబిక్ థ్రెడ్ సీలెంటుకు. అది రెండు లోహాల మధ్య సందులోనే గడ్డకడుతుంది, బయటికి వచ్చింది ద్రవంగానే ఉండి తుడిస్తే పోతుంది. పని జరగాలంటే థ్రెడ్డు మీద నూనె ఉండకూడదు, గట్టిపడటానికి సమయం ఇవ్వాలి. నీలం, ఎరుపు రంగులు ఎక్కించిన ఆనొడైజ్డ్ అల్యూమినియం ఫిట్టింగుల మీద అది చాలా నెమ్మదిగా గడ్డకడుతుంది. వాటికి యాక్టివేటరు రాయాలి లేదా ఒక రాత్రి వదిలేయాలి. మన షెడ్లలో దేనికైనా ముందు చేతికొచ్చే సిలికాన్ గ్యాస్కెట్ పేస్టు పెట్రోలు దగ్గరికి రాకూడదు. అది ఉబ్బి, మెత్తబడి, ముద్దలుగా ఊడుతుంది. పగిలిన ట్యాంకుకు సబ్బు రుద్దే మన మెకానిక్కు విద్య మాత్రం వట్టి మూఢనమ్మకం కాదు. సబ్బు పెట్రోలులో కరగదు, ఇంటికి చేరేదాకా నిలుస్తుంది. ఒత్తిడి ఉన్న జాయింటుకు మాత్రం అది పనికిరాదు.

బలం విషయంలో చేయి అదుపులో ఉండాలి. రెగ్యులేటరు ఒళ్లు పోత పోసిన జింకు మిశ్రమమో అల్యూమినియమో. టేపరు ఫిట్టింగు మేకులా లోపలికి దిగి దాన్ని చీల్చగలదు. చేత్తో బిగిసేదాకా తిప్పి, పానాతో చుట్టున్నర, మహా అయితే రెండు చుట్లు. ఇంకా కారుతుంటే ఇంకో పావు చుట్టు తిప్పడం కాదు, విప్పి చూడాలి. గొట్టం మూతి ఫలానా వైపు తిరగాలని వెనక్కి వదులు చేయడం టేపరు జాయింటులో పనికిరాదు, చేసిన సీలు అక్కడే తెగుతుంది. నేరు థ్రెడ్డుల కింద వేసే రాగి వాషరును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది, ఇంకోసారి వాడుకోవచ్చు. అల్యూమినియం వాషరు ఒక్కసారికే. ఇనుప వలయం లోపల రబ్బరు అతికించిన డౌటీ సీలు అన్నిటికంటే తేలికగా మూసుకుంటుంది, తక్కువ బిగింపు చాలు. కొనేటప్పుడు ఆ రబ్బరు ఏదో అడగాలి.

రబ్బరు సంగతి ఇప్పుడు మన ఇంటి సంగతి కూడా. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. మన దేశంలో 2025 నాటికి అది 20 శాతానికి చేరింది. పాత నైట్రైల్ రబ్బరు ఇథనాల్‌లో ఉబ్బుతుంది, ఆరితే బిరుసెక్కి పగులుతుంది. ఫ్లోరో రబ్బరు, అందరూ వైటాన్ అని పిలిచేది, చాలా నయం. గొట్టాల మీద ఉండే అక్షరాలు ఈ తేడానే చెబుతాయి. ఎస్ఏఈ జే30ఆర్6 అంటే తక్కువ ఒత్తిడికి, 50 పీఎస్ఐ దాకా. జే30ఆర్9 అంటే లోపలి పొర ఫ్లోరో రబ్బరు, 100 పీఎస్ఐ దాకా. కార్బురేటరు బండికి ఆర్9 అక్కర్లేదు కదా అని వాదించేవారున్నారు. ఒత్తిడి లెక్కలో వాళ్లది నిజమే, రబ్బరు లెక్కలో కాదు. పైన అల్లిక ఉన్న గొట్టం చూడటానికి పాతకాలపు అందం, కానీ కింద రబ్బరు పగిలినా ఆ అల్లిక కనబడనివ్వదు. ఇథనాల్‌కు ఇంకో గుణం ఉంది: ట్యాంకులో దశాబ్దాలుగా పేరుకున్న మడ్డిని కడిగి ముందుకు పంపుతుంది. రెగ్యులేటరు సీటు మీద చేరే రేణువు చాలాసార్లు అక్కడినుంచి వచ్చిందే. మనకు తెలిసిన కార్బురేటరు మారుతీ వ్యాన్లకూ ఈ మాట వర్తిస్తుంది. వాటి ఇంజను ముందు సీట్ల కిందే కాబట్టి కనీసం వాసన డ్రైవరుకు ముందే తెలుస్తుంది. వెనక ఇంజను వ్యానులో ఆ హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది.

బిగించే చోటు గురించి పెద్ద వివాదం లేదు. ఇంజను మీద కాకుండా బాడీకి, వీలైతే రేకు గోడకు అవతల. ఇంజను అదురుతుంది, బాడీ అంతగా అదరదు. ఆ రెండింటి మధ్య కదలికను గొట్టం భరించాలి, థ్రెడ్డు కాదు. బిగించాక ఇంజను వేయకుండా పంపు మాత్రం నడిపి, ప్రతి జాయింటునూ ఎండు కాగితంతో తుడిచి చూడాలి. బండి బాగా వేడెక్కేదాకా తిప్పి ఆపాక మరోసారి చూడాలి. ఆగిన తర్వాతే ఇంజను గది మరింత వేడెక్కుతుంది, రబ్బరూ లోహమూ వేరువేరు లెక్కన సాగుతాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇంజెక్షన్ తీసేసి కార్బురేటర్లు పెట్టిన వ్యాను. పాత ఇంజెక్షన్ పంపును అలాగే ఉంచి ముందు ఒక చిన్న రెగ్యులేటరు పెడితే చాలనుకుంటారు కొందరు. తిరుగు గొట్టం లేని ఆ చిన్న రెగ్యులేటరు అంత పంపును ఆపడానికి పుట్టలేదు. పంపు కూడా మార్చాల్సిందే. ఇంకొకటి ఎవరూ తలుచుకోరు. ఎల్-జెట్రానిక్‌లో పంపుకు కరెంటు గాలి కొలిచే మీటరులోని ఒక కాంటాక్టు ద్వారా వెళ్తుంది. గాలి కదిలితే రెక్క తెరుచుకుంటుంది, పంపు నడుస్తుంది; ఇంజను ఆగితే రెక్క మూసుకుంటుంది, పంపు ఆగుతుంది. కార్బురేటర్లకు మారినవాళ్లు ఆ మీటరును అటకెక్కించి, పంపును నేరుగా ఇగ్నిషన్ తీగకు కలుపుతారు. బండి ఎక్కడైనా గుద్దుకుని ఇంజను ఆగి, గొట్టం ఊడితే పంపు తాళంచెవి తిప్పేదాకా తోస్తూనే ఉంటుంది. దెబ్బ తగిలితే కరెంటు తెంచే ఇనర్షియా స్విచ్చి, లేదా ఆయిలు ప్రెషరు ఉంటేనే పంపును నడిపే రిలే, రెగ్యులేటరు కొన్న రోజే కొనాలి. పంపు తీగ దానిగుండా వెళ్లకుండా ఆ వ్యానుకు పెట్రోలు పోయకూడదు.